మట్టి బొమ్మలు మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు బ్లెండర్‌లో (కంప్యూటర్‌లో 3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) తల చెక్కితే గడ్డలు గడ్డలుగా వస్తోంది, ఎందుకు?

చాలామటుకు కారణం తొందరపడి పాలిగాన్లు (ఆకారాన్ని కట్టే చిన్న చిన్న పలకలు) పెంచేయడమే. ఆ పలకల జాలీ (మెష్) దట్టమయ్యాక పెద్ద ఆకారం కదలదు, గీసిన ప్రతి గీతా గడ్డగా మిగులుతుంది.

2 మీటర్ల వ్యాసమున్న గోళంతో, వాక్సెల్ సైజు (జాలీ గడి కొలత; చిన్నదైతే జాలీ దట్టమవుతుంది) 0.1 దగ్గర మొదలుపెట్టండి. ఎక్స్ సిమెట్రీ (ఒకవైపు చేసింది రెండోవైపూ వచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంచి, గ్రాబ్ బ్రష్‌తో పుర్రె, దవడ, మెడ లాగండి. కళ్ల గీత తల ఎత్తుకు సరిగ్గా సగంలో రావాలి. కొత్తవాళ్లు దాదాపు అందరూ పైకి పెట్టేస్తారు. కనుగుడ్లకు విడి గోళాలు పెట్టి, రెప్పలను వాటి మీదుగా కట్టండి. పక్క నుంచి, కింద నుంచి కూడా ఆకారం కుదిరాకే 0.05కి, తర్వాత 0.02కి దిగి కంట్రోల్+ఆర్‌తో రీమెష్ చేయండి, అంటే జాలీని ఆ కొలత గళ్లతో మళ్లీ కట్టించండి. పెదవులు, ముక్కుపుటాలు అప్పుడు.

మట్టి పట్టీలు అద్దినట్టు పూసే క్లే స్ట్రిప్స్ బ్రష్‌ను బలం తగ్గించి వాడండి, షిఫ్ట్ నొక్కి నునుపు చేయండి. మరీ నునుపు చేస్తే ఎముక అంచులు కరిగి ముఖం సబ్బుబిళ్లలా తయారవుతుంది.

గోళాన్ని ఒకవైపు సాగదీసి ఉంటే, ఆబ్జెక్ట్ మోడ్‌లో కంట్రోల్+ఏ నొక్కి స్కేల్ అప్లై చేయండి, అంటే సాగిన కొలతనే అసలు కొలతగా ఖాయం చేయండి. లేదంటే రీమెష్ గళ్లు కూడా సాగిపోతాయి. చర్మరంధ్రాల జోలికి మొదటి పది తలల వరకూ వెళ్లొద్దు.