నియంత్రణ అంటే ఆపడమేనా?

ప్రశ్న: జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పిల్లల కోసం తెలుగులో ఒక వ్యాసం రాస్తూ ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: "ఫాస్ గ్రాహకం యొక్క మృత్యు క్షేత్రం ద్వారా కణ ఆత్మహత్య నియంత్రించబడుతుంది." రిసెప్టర్‌కు గ్రాహకం, డొమైన్‌కు క్షేత్రం, అపోప్టోసిస్‌కు కణ ఆత్మహత్య సరైన మాటలేనా?
– ఒక అధ్యాపకురాలు, అనంతపురం

సమాధానం: మీరు మూడు పేర్ల గురించి అడిగారు. నాకేమో చివరి క్రియ మీదే అనుమానం. అయినా ముందు మీరడిగినవే చూద్దాం.

గ్రాహకానికి ఢోకా లేదు. గ్రహించేది గ్రాహకం. జ్ఞానేంద్రియాల పాఠం నుంచీ పిల్లల చెవికి అలవాటైన మాట. హిందీలో గ్రాహక్ అంటే కొనుగోలుదారు, కానీ ఆ గొడవ మనకు లేదు.

క్షేత్రం మాత్రం వద్దు. పొలం క్షేత్రమే, తిరుపతి క్షేత్రమే, అయస్కాంతం చుట్టూ ఉండేదీ క్షేత్రమే. మృత్యు క్షేత్రం అని చదవగానే నాకు కురుక్షేత్రమే గుర్తొచ్చింది. లెక్కల పుస్తకంలో ప్రమేయానికుండే డొమైన్‌ను ప్రదేశం అంటారు. అదీ ఇక్కడ అతకదు. ప్రొటీన్‌లో డొమైన్ అంటే చోటు కాదు కదా! పొడవాటి గొలుసులో తనంతట తాను మడతపడి, తన పని తాను చేసుకునే ముక్క. ఫాస్ అనే ఈ ప్రొటీన్ గ్రాహకం కణం పొరకు అడ్డంగా గుచ్చుకుని ఉంటుంది. లోపలి వైపు తోకలో, సుమారు 80 అమైనో ఆమ్లాల పొడవున, ఈ ముక్క ఉంటుంది. డెత్ డొమైన్ అనే రాసి, మొదటిసారి వచ్చినచోట ఇంత వివరం ఇవ్వండి, చాలు.

ఇక కణ ఆత్మహత్య. విడివిడిగా రాశారు కాబట్టి సరిపోయింది. సంధి చేస్తే కణాత్మహత్య అవుతుంది, అప్పుడు కణాత్మ ఎవరు, దాన్ని హత్య చేసిందెవరు అని పిల్లలు అడుగుతారు. అసలు అభ్యంతరం అర్థంలో ఉంది. ఫాస్ విషయంలో చావమన్న మాట బయటి నుంచి వస్తుంది. రోగాలతో పోరాడే టి కణం ఒకటి వచ్చి, తన ఒంటి మీది లిగాండ్‌ను, అంటే గ్రాహకానికి అతికే ప్రొటీన్‌ను, ఈ గ్రాహకానికి తగిలిస్తుంది. పైనుంచి హుకుం వస్తే జరిగేది ఆత్మహత్య ఎలా అవుతుంది? పైగా, పదహారేళ్ళ పిల్లల ముందు ఊరికే వాడే మాట కూడా కాదది.

అపోప్టోసిస్ పుట్టుక చూస్తే మనకు దారి దొరుకుతుంది. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు ఈ పేరు పెట్టారు. వాళ్ళకు దీన్ని సూచించినవారు అబర్డీన్ విశ్వవిద్యాలయంలో గ్రీకు ఆచార్యులు జేమ్స్ కార్మాక్. చెట్టు నుంచి ఆకులు, పువ్వు నుంచి రేకులు రాలడం అని దాని అర్థం. రాలడం! ఇంతకన్నా తెలుగు మాట ఏముంది? పండుటాకు రాలుతుంది, జుట్టు రాలుతుంది, పాలపళ్ళు రాలతాయి. ఎవరూ తెంపక్కర్లేదు, వేళకు జరిగిపోతుంది. ఈ కణం కూడా అంతే: ముడుచుకుని, పొర చుట్టిన చిన్న చిన్న ముక్కలై, పక్క కణాలకు ఆహారమైపోతుంది. వాపూ లేదు, గోలా లేదు. నెక్రోసిస్‌లో అయితే కణం ఉబ్బి పగిలి లోపలి సరుకంతా చుట్టూ చిందుతుంది, వాపు పుడుతుంది. అది కుళ్ళిన టమాటా వరస. కాబట్టి పేర్లు అపోప్టోసిస్, నెక్రోసిస్ అనే ఉంచి, క్రియలు మనవి వాడండి. గర్భంలో బిడ్డ వేళ్ళ మధ్య కణాలు రాలిపోతేనే వేళ్ళు విడివడతాయి అంటే ఏ పిల్లవాడికి అర్థం కాదు? కణపాతం అని కొత్త మాట కట్టవచ్చు గానీ, వర్షపాతంలా కణాలు కురిసినట్టుంటుంది.

ఇప్పుడు నా అనుమానం. 'నియంత్రించబడుతుంది' అన్నారు. మన పత్రికల్లో నియంత్రణ ఎక్కడ కనిపిస్తుంది? దోమల నియంత్రణ, కాలుష్య నియంత్రణ, కుటుంబ నియంత్రణ. అన్నిచోట్లా తగ్గించడం, అదుపు చేయడం అనే అర్థమే. అంటే మీ వాక్యం చదివిన పిల్లవాడు డెత్ డొమైన్ కణాన్ని చావకుండా కాపాడుతోందనుకుంటాడు. ఫాస్ చేసేది సరిగ్గా దానికి తలకిందులైన పని. లిగాండ్ తగలగానే దాని డెత్ డొమైన్‌కు ఫాడ్ అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుంటుంది, ఫాడ్ కాస్పేజ్-8 అనే ఎంజైమ్‌ను పిలుస్తుంది, అక్కడి నుంచి కణాన్ని లోపలే కోసే కత్తెరలు వరసగా తెరుచుకుంటాయి.

డెత్ డొమైన్ ఉన్న ప్రతి గ్రాహకమూ చంపుతుందా అంటే అదీ కాదు. టీఎన్‌ఎఫ్ గ్రాహకం-1కూ డెత్ డొమైన్ ఉంది. దానికి టీఎన్‌ఎఫ్ అనే, కబురు మోసే ప్రొటీన్ తగిలితే చాలా కణాలు చావవు. ఎన్‌ఎఫ్-కాపా-బి అనే ప్రొటీన్ మేల్కొని బతికించే జన్యువులను నడిపిస్తుంది. ఆ దారి మూసుకుపోయినప్పుడే చావు దారి తెరుచుకుంటుంది. దీనికి నియంత్రణ కన్నా "చావో బతుకో తేలుస్తుంది" అన్నది దగ్గరి మాట. మరీ వాడుకగా ఉందనిపిస్తే "నిర్ణయిస్తుంది" అనండి.

'యొక్క', 'ద్వారా', 'బడు' మూడూ తీసేసి చూడండి: "ఫాస్ గ్రాహకానికి చావుకబురు అందితే, దాని లోపలి తోకలోని డెత్ డొమైన్ ఆ కబురును కణంలోకి చేరవేస్తుంది. కణం రాలిపోతుంది." ఒక వాక్యం రెండైంది, పర్వాలేదు. మృత్యు సంకేతం అని ఎందుకు రాయలేదంటారా? సంకేతం అంటే గుర్తు. మృత్యు సంకేతం అంటే ఏ తీతువు కూతో, అపశకునమో అనిపిస్తుంది. చావుకబురులో చావు దేశ్యం, కబురు అరబ్బీ ఖబర్ నుంచి వచ్చింది. రెంటినీ కలిపితే తప్పని ఇంతవరకు ఎవరూ అనలేదు. చావుకబురు చల్లగా చెప్పేవాళ్ళూ మన దగ్గర తక్కువేం కాదు.

వ్యాసంలో ముందుకు వెళ్తే డికాయ్ రిసెప్టర్లు, అంటే ఏమార్చే గ్రాహకాలు, తగులుతాయి. ట్రెయిల్ అనే లిగాండ్‌ను పట్టుకునే గ్రాహకాల్లో ఒకదానికి లోపలి తోకే లేదు. కబురు అందుకుంటుంది, లోపలికి మాత్రం చెప్పదు. దాన్ని వంచక గ్రాహకం అనకండి, అదెవరినీ మోసం చేయాలని కూర్చోలేదు. ఉత్తుత్తి గ్రాహకం అనండి.