పెట్టె ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర?

ప్రశ్న: మారతహళ్లిలో మాది మూడు బ్లాకుల అపార్ట్‌మెంట్. గేటు దాటితే ఔటర్ రింగ్ రోడ్డు. ఇటీవల లాబీలో గాజు తలుపు పగిలి ఒక పెయింటర్ చెయ్యి లోతుగా తెగింది. ఆఫీసు గదిలోని ఫస్ట్ ఎయిడ్ బాక్సులో దూది, లోషన్, చిన్న ప్లాస్టర్లు తప్ప ఏమీ లేవు. ట్రామా కిట్‌లో (తీవ్ర గాయాలకు వాడే అత్యవసర పెట్టెలో) ఏం ఉండాలి, ఎక్కడ పెట్టాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: పెద్ద రక్తనాళం తెగితే ఐదు నిమిషాల్లోపే ప్రాణం పోవచ్చు. 108కి వెంటనే ఫోన్ చేయాల్సిందే, కానీ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో అంబులెన్స్ వచ్చేదాకా నెత్తురు ఆపాల్సింది పక్కనున్న మనిషే. అమెరికాలో 2015లో మొదలైన 'స్టాప్ ద బ్లీడ్' (నెత్తురు ఆపండి) ప్రచారానికి మూలం కూడా ఇదే.

ఒక్కో లాబీకి ఒక పెట్టె చాలు. అందులో టోర్నికెట్లు (చేతికో కాలికో చుట్టి, కడ్డీ తిప్పి బిగించి నెత్తురు ఆపే పట్టీలు) రెండు, గాయంలో కూరడానికి మడతపెట్టిన గాజుగుడ్డ నాలుగు ప్యాకెట్లు, ఆరంగుళాల ప్రెషర్ బ్యాండేజీలు రెండు, నైట్రైల్ గ్లోవ్స్ నాలుగు జతలు, ప్యాంటు కోసేంత గట్టి కత్తెర, మార్కర్ పెన్ను, ఒంటికి చుట్టే రేకు దుప్పటి ఉండాలి. ఛాతీ గాయాలకు అతికించే చెస్ట్ సీల్ తర్వాత కొనవచ్చు. ముందు ఆ డబ్బు టోర్నికెట్‌కే పెట్టండి. మరీ చవగ్గా దొరికే నకిలీల్లో, గట్టిగా తిప్పగానే కడ్డీ విరుగుతుంది. టోర్నికెట్ ప్లాస్టిక్ కవరును ముందే తీసేసి ఉంచండి, నెత్తురంటిన వేళ్లకు అది చిరగదు.

తాళం మాత్రం వద్దు. మేనేజర్ ఇంటికెళ్లాక తాళంచెవి కోసం వెతికే ఐదు నిమిషాలే మనిషికి మిగిలిన ఐదు నిమిషాలు. లాగితే తెగే ప్లాస్టిక్ సీలు వేయండి, అది తెగి ఉంటే ఎవరో తెరిచారని సెక్యూరిటీకి తెలుస్తుంది. లిఫ్టు పక్కన, ఎండ పడని గోడకు, ఛాతీ ఎత్తులో బిగించండి. ఎండకు పట్టీ, ప్లాస్టిక్ పెళుసవుతాయి. కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకూడదనేదీ ఇందుకే. గార్డుల్లో చాలామందికి కన్నడ గానీ తెలుగు గానీ చదవడం రాదు, కాబట్టి వాడే పద్ధతి బొమ్మల్లో ఉండాలి.

ప్రశ్న: చున్నీతో గట్టిగా కడితే సరిపోదా?

జవాబు: చాలాసార్లు సరిపోదు, పైగా కీడు చేస్తుంది. వదులుగా కడితే గుండెకు రక్తం తిరిగి వెళ్లే సిర మూసుకుంటుంది, లోతుగా ఉండే ధమని తెరిచే ఉంటుంది. దాంతో నెత్తురు ఇంకా ఎక్కువ పోతుంది. సన్నని తాడైతే చర్మాన్ని, నరాలను కోస్తుంది.

ముందు గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి, మోచేతులు వంచకుండా రెండు చేతులతో ఒత్తండి. గాయం లోతుగా ఉంటే గాజుగుడ్డను అడుగుదాకా కూరి, పది నిమిషాలు ఎత్తకుండా ఒత్తాలి. ఆగిందా అని మధ్యలో తీసి చూస్తే గడ్డకట్టింది ఊడిపోతుంది. ఛాతీ, పొట్ట గాయాల్లో ఏమీ కూరకూడదు. గుచ్చుకున్న గాజు ముక్కను లాగకూడదు. పసుపు, కాఫీ పొడి అసలే వద్దు, ధమని రక్తం వాటికి ఆగదు.

చెయ్యో కాలో తెగి నెత్తురు చిమ్ముతుంటే టోర్నికెట్. గాయానికి నాలుగు వేళ్ల ఎడంగా పైన, కీలు మీద కాకుండా వేయాలి. తొడకైతే జేబులో ఫోను, తాళాలు తీసేయండి. కింద వేలికొసలు దూరనంత బిగువుగా పట్టీ లాగాకే కడ్డీ తిప్పాలి. అప్పుడు వదులుంటే ఎన్ని చుట్లు తిప్పినా పట్టదు. నెత్తురు ఆగేదాకా తిప్పి, కడ్డీని క్లిప్పులో ఇరికించి, టైము రాయండి. నొప్పికి అరుస్తారు. జాలిపడి వదులు చేయకండి, విప్పాల్సింది డాక్టరే. ఆగకపోతే దానికి ఎగువన, గుండె వైపు రెండోది వేయండి.

సాధనకు వేరే టోర్నికెట్ కొనుక్కోండి. పదేపదే తిప్పింది బలహీనపడుతుంది, దాన్ని తిరిగి పెట్టెలో పెట్టకూడదు.

ప్రశ్న: రోడ్డు మీద కట్టు కడితే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామా?

జవాబు: మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఎ సెక్షన్ మిమ్మల్ని కాపాడుతుంది. వాహన ప్రమాదంలో ప్రతిఫలం ఆశించకుండా, మంచి ఉద్దేశంతో సాయం చేసినవారి మీద, పొరపాటు జరిగినా సివిల్, క్రిమినల్ చర్య ఉండదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. పోలీసులు రానిదే చికిత్స చేయం అని ఆసుపత్రి చెప్పే మాట కూడా చెల్లదు; ప్రాణం కాపాడటమే మొదటి విధి అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్షతగాత్రుణ్ని అప్పగించేటప్పుడు టోర్నికెట్ వేసిన టైము మాత్రం తప్పకుండా చెప్పండి.