స్లాబు పోసే ముందు నువ్వు ఒకసారి పైకెక్కు

బుజ్జీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. అది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, పైగా నీ గొంతు వింటేనే తెలుస్తోంది ఎంత అలిసిపోయావో. "మావయ్యా, క్వాలిటీ చూసుకుంటూ కూర్చుంటే పొంగల్‌కి తాళాలివ్వలేను, డేట్ల వెంట పరిగెడితే క్వాలిటీ చేజారిపోతోంది, దేన్ని పట్టుకోమంటావు?" అన్నావు. చెన్నై షోలింగనల్లూరులో పద్నాలుగు అంతస్తులు, పూర్తిగా నీ చేతికి వచ్చిన మొదటి ప్రాజెక్టు, పైన డైరెక్టర్లు, కింద నాలుగు రాష్ట్రాల కూలీలు, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే పొద్దున్నే టవర్ పార్కులో నడక మానేసి ఇది రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు, నచ్చనిచోట ఫోన్ చేసి వాదించు.

ముందు నా సంగతి ఒకటి చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా వివరంగా చెప్పలేదు. 1996లో అంబత్తూరులో ఒక నాలుగంతస్తుల బిల్డింగుకి నేను సైటు ఇంజనీర్ని. రెండో అంతస్తు పిల్లర్లు పోసే రోజు సాయంత్రం ఆరున్నరైంది, చినుకులు మొదలయ్యాయి, మేస్త్రీ పోర్ కార్డు (కాంక్రీటు పోయడానికి అనుమతి కాగితం) పట్టుకుని కిందకి వచ్చి "సార్, అంతా రెడీ, మీరు సంతకం పెడితే మొదలెడతాం" అన్నాడు. మంచివాడు, ఏడాదిగా నాతో పనిచేస్తున్నాడు. నేను పైకెక్కకుండా కింద నిలబడే సంతకం పెట్టాను. మూలనున్న పిల్లర్‌కి సెంట్రింగ్ పలకల అడుగున రెండు వేళ్ళ సందు ఉంది. అందులోంచి సిమెంటు పాలు కారిపోయి అడుగున కంకర మిగిలింది. మర్నాడు పలకలు విప్పినవాళ్ళు అది చూసి భయపడి, నేను వచ్చేలోపే సిమెంటు కలిపి నున్నగా పూసేశారు. పైన స్లాబు కూడా పడ్డాక, ఒక రోజు ఎందుకో సుత్తితో అలా తట్టుకుంటూ వెళ్తుంటే ఆ పిల్లర్ దగ్గర చప్పుడు మారింది, గట్టిగా ఖంగుమనాల్సింది బోలుగా డబడబమంది. పూత చెక్కితే లోపల రాడ్లు కనిపిస్తున్నాయి, వాటి మధ్యకి నా వేలు దూరింది.

పై స్లాబుకి జాకీలు పెట్టి, పాడైనంత మేర చెక్కి, మళ్ళీ పోసి, అది గట్టిపడేదాకా ఆగి మొదలెట్టేసరికి పన్నెండు రోజులు పోయాయి. ఆ సాయంత్రం నిచ్చెనెక్కి చూసి రావడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పిల్లర్ నాకు దొరికింది కాబట్టి సరిపోయింది, దొరకనిది ఇంకేదైనా ఉందేమో అన్న ఆలోచన మాత్రం చాలా ఏళ్ళు నన్ను నిద్రపోనివ్వలేదు.

అందుకే నీ ప్రశ్నకి నా జవాబు ఇది: డేటూ క్వాలిటీ ఒకదానికొకటి ఎదురని అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. నా సర్వీసులో చూసిన ఆలస్యాల్లో చాలావరకు పగలగొట్టి మళ్ళీ కట్టడం వల్ల వచ్చినవే. మన పనిలో ఉన్న చిక్కు ఏమిటంటే ప్రతి దశా దాని ముందు దశని కప్పేస్తుంది. స్టీలుని కాంక్రీటు కప్పేస్తుంది, కాంక్రీటుని ప్లాస్టరింగు, బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్‌ని టైల్సు కప్పేస్తాయి. కప్పేశాక చూడాలంటే పగలగొట్టడమే. కాబట్టి క్వాలిటీ కంట్రోల్ అంటే నా దృష్టిలో కప్పేయడానికి ముందు ఒక మనిషి వెళ్ళి చూడటం, బాగాలేకపోతే ఆపగలగడం. మిగతా ఫైళ్ళన్నీ దీని తర్వాతే.

ఇక్కడ ప్రాజెక్టు మేనేజరుగా నువ్వు మాత్రమే చేయగలిగిన పని ఒకటుంది. నీ షెడ్యూలు తెరిచి చూడు. "స్టీలు కట్టడం 3 రోజులు, స్లాబు 1 రోజు" అని ఉంటుంది, మధ్యలో చెకింగ్‌కి గీత ఉండదు. గీత లేని పనికి టైము ఉండదు, టైము లేని పని రాత్రి తొమ్మిదింటికి సెల్‌ఫోన్ లైట్లో జరుగుతుంది. ప్రతి స్లాబుకీ సగం రోజు చెకింగ్ అని ఒక వరుస వెయ్యి, దాన్ని హోల్డ్ పాయింట్‌గా పెట్టు, అంటే అక్కడ సంతకం పడకపోతే తర్వాతి పని కదలకూడదు, ఆర్‌ఎంసి (కలిపిన కాంక్రీటు పంపే) ప్లాంటుకి ఫోన్ కూడా చేయకూడదు. మొత్తం పద్నాలుగు స్లాబులకి లెక్కేసినా ఏడు రోజులే. డైరెక్టర్లు అడిగితే అంబత్తూరు పిల్లర్ ఒక్కదానికే పన్నెండు రోజులు పోయాయని నా పేరు చెప్పి చెప్పు.

ఇంకొకటి, కాంక్రీటు లారీలు. నువ్వు ఎన్ని చెక్‌లిస్టులు పెట్టినా అసలు పరీక్ష జరిగేది లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడే. ఓఎంఆర్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని లారీ గంటన్నరకి వస్తుంది, మాల్ బిగుసుకుపోయి ఉంటుంది, పంపు ఆపరేటర్ కేకలేస్తాడు, డ్రైవరు దిగి ట్యాంకులోంచి నీళ్ళు వదలబోతాడు. "సార్, నాలుగైదు బకెట్లే" అంటాడు. ఆ బకెట్ల లెక్క ఒకసారి కూర్చుని వేసి చూడు. 6 క్యూబిక్ మీటర్ల లారీలో 20 లీటర్ల బకెట్లు ఆరు పోస్తే మొత్తం 120 లీటర్లు, అంటే క్యూబిక్ మీటరుకి 20 లీటర్లు. మీటరుకి 350 కిలోల సిమెంటు, 157 లీటర్ల నీళ్ళు అనుకుంటే నీళ్ళ-సిమెంటు నిష్పత్తి 0.45 దగ్గర ఉండాల్సింది ఇప్పుడు 0.51కి చేరింది. సముద్రపు గాలి తగిలే చోట ఐఎస్ 456 (కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం) ఒప్పుకునేది 0.45 వరకే. ఆరు బకెట్లతో డిజైను మొత్తం మారిపోయింది, చూసేవాళ్ళకి మాత్రం మాల్ చక్కగా జారుతూ ముద్దొస్తుంది.

కాబట్టి లారీ దగ్గర ఒక జూనియర్ని నిలబెట్టు, వాడి చేతిలో మాల్ ఎంత పల్చగా ఉందో చూసే స్లంప్ కోన్ ఉండాలి, ప్లాంటులో లోడ్ చేసిన టైము చలానాలో చూసి రాసుకోవాలి. రెండు గంటలు దాటితే నియమం ప్రకారం అది వెనక్కి వెళ్ళాల్సిందే, బిగుసుకోవడం ఆలస్యం చేసే రిటార్డర్ వేసి ముందే ఎక్కువ టైముకి ఒప్పుకుని ఉంటే అది వేరే సంగతి. పల్చన కావాలంటే ప్లాంటు వాళ్ళ టెక్నీషియన్ ముందు అడ్మిక్శ్చర్ (మాల్ జారేలా చేసే మందు) వేయించు, నీళ్ళు మాత్రం వద్దు.

ఇప్పుడు నేను చెప్పబోయేదే అన్నిటికన్నా ముఖ్యం. ఆ జూనియర్ మొదటిసారి ఒక లారీని వెనక్కి పంపిన రోజు నువ్వేం చేస్తావన్న దాని మీదే నీ సైటు క్వాలిటీ అంతా ఆధారపడి ఉంటుంది. ఆరోజు స్లాబు మధ్యలో ఆగుతుంది, పాత మాల్ బిగుసుకుని కొత్తది అతుక్కోని కోల్డ్ జాయింట్ వస్తుందేమోనని నీ గుండె దడదడలాడుతుంది, కాంట్రాక్టరు మొహం మాడుతుంది. వాడు నీ దగ్గరికి భయంగా వస్తాడు. అప్పుడు నువ్వు ఒక్కసారి "నాకు చెప్పకుండా ఎలా పంపావు?" అన్నావంటే చాలు, వాడు జన్మలో ఇంకో లారీ ఆపడు, వాడిని చూసి మిగతావాళ్ళూ ఆపరు. అందరి ముందూ వాడి పక్కన నిలబడు. వాడు తప్పు లెక్కతో ఆపినా సరే, ఆ తప్పు తర్వాత గదిలో కూర్చోబెట్టి నేర్పు.

ఇదే కారణంతో క్వాలిటీ ఇంజనీరు జీతం, సెలవులు, అప్రైజలు ఎగ్జిక్యూషన్ చూసే ఇంచార్జి చేతిలో ఉంచకు. పని ఎంత వేగంగా అయిందన్న దాని మీద ఇంక్రిమెంటు వచ్చే మనిషి కింద పనిచేస్తూ పని ఆపమంటే ఎవరు ఆపుతారు? నేరుగా నీకు రిపోర్టు చేయమను.

ఇక బలం పరీక్షకి అదే మాల్‌తో పోసే క్యూబుల సంగతి. 90 క్యూబిక్ మీటర్ల స్లాబుకి ఐఎస్ 456 ప్రకారం 5 శాంపిళ్ళు, ఒక్కోదానికి మూడు క్యూబులు, అంటే 28 రోజుల టెస్టుకే పదిహేను, 7 రోజులవి అదనం. ఇది నీకు తెలిసిందే. నీకు ఎవరూ చెప్పనిది ఏమిటంటే, 28 రోజుల ఫలితం వచ్చేసరికి నువ్వు ఆ స్లాబు మీద ఇంకో రెండు స్లాబులు వేసి ఉంటావు. అప్పుడు క్యూబు ఫెయిలైతే అది పోస్టుమార్టం రిపోర్టే. అందుకని 7 రోజుల అంకె వచ్చిన రోజునే చూడు, 28 రోజుల బలంలో సుమారు మూడింట రెండు వంతులు ఉండాలి, ఫ్లైయాష్ సిమెంటైతే కాస్త తక్కువ ఉండొచ్చు.

క్యూబుల అంకెల్ని ఫైల్లో పెట్టేయకుండా గోడకి ఒక గ్రాఫు కాగితం అంటించి వరుసగా చుక్కలు పెట్టించు. 1924లో వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో షూహార్ట్ అనే ఆయన టెలిఫోన్ పరికరాల తయారీ కోసం కంట్రోల్ చార్ట్ గీసినప్పటినుంచీ ఎన్నో పరిశ్రమల్లో చేస్తున్న పనే ఇది. ఎం30కి, అంటే 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 30 న్యూటన్ల బలం రావాల్సిన కాంక్రీటుకి, మిక్స్ డిజైను గురి 38.25, అంటే ఫలితాల్లో వచ్చే హెచ్చుతగ్గుల కోసం 30కి 1.65 రెట్ల 5 కలిపిన అంకె. 28 రోజుల చుక్కలు దాని చుట్టూ పైకీ కిందకీ చెదిరి ఉండాలి. వరుసగా ఆరేడు చుక్కలు కిందకి దిగుతుంటే, ఒక్కటి కూడా ఫెయిల్ కాకపోయినా సరే, ప్లాంటుకి వెళ్ళి ఇసుక తేమ చూసి రా. అలాగే అన్నీ 38.1, 38.3, 38.2 అని ముత్యాల్లా వస్తుంటే ఇంకా త్వరగా కదులు. నిజమైన కాంక్రీటు అంత బుద్ధిగా ఉండదు. ఎవరో క్యూబుల కోసం వేరే మాల్ కలుపుతున్నారు, లేదా టెస్టు చేయకుండానే రాస్తున్నారు. క్యూబు పోసేటప్పుడు అప్పుడప్పుడు చెప్పకుండా వెళ్ళి నిలబడు, మూడు పొరలుగా వేసి పొరకి 35 పోట్లు పొడుస్తున్నారో లేదో లెక్కపెట్టు.

మద్రాసు సైట్లకి ప్రత్యేకంగా ఒకటి రెండు. మీ వైపు బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా తెలుస్తాయి. కాంక్రీటుకీ క్యూరింగ్‌కీ రెండింటికీ ఆ నీళ్ళు టెస్టు చేయించు, క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ట్యాంకర్ నీళ్ళు కూడా ఎక్కడినుంచి తెస్తాడో మారిపోతుంటుంది, మారినప్పుడల్లా చూడాలి. స్టీలుకి కవర్ (దాని మీద ఉండాల్సిన కాంక్రీటు మందం) విషయంలో ఐఎస్ 456 సముద్ర తీరాన్ని సివియర్, అంటే తీవ్రమైన వాతావరణం, కింద లెక్కేసి 45 మిల్లీమీటర్లు అడుగుతుంది. కవర్ బ్లాకులు చాలక కంకర ముక్కలు పెట్టేవాళ్ళని చూశాను, అది కనిపిస్తే ఆ ముక్కని నువ్వే చేత్తో తీసెయ్యి, అందరూ చూస్తుండగా. క్యూరింగ్‌కి వేరే మనిషిని పెట్టు, వేరే పని చెప్పకు. ఎండల్లో ఫ్లైయాష్ లాంటివి కలిపిన బ్లెండెడ్ సిమెంటు వాడితే 14 రోజులు తడి ఆరకూడదు.

వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక 48 గంటలు నీళ్ళు నిలబెట్టి చూడటం, కాంట్రాక్టరు బిల్లుని ఎన్‌సీఆర్‌లు (పనిలో లోపాల రిపోర్టులు) మూసేదాకా ఆపడం, ఇవన్నీ నువ్వు ఎలాగూ చేస్తావు, వాటి గురించి చెప్పను.

మనుషుల గురించి చెప్పాలి. మీ రాడ్ బెండింగ్ బ్యాచ్ విజయనగరం నుంచి అన్నావు. చెక్‌లిస్టు ఇంగ్లీషులో ఉంటుంది, దాని కింద వేలిముద్రో సంతకమో పెట్టేవాడికి అందులో ఏముందో తెలియదు. వాళ్ళతో తెలుగులో మాట్లాడు. ఒక బే (పిల్లర్ల మధ్య గడి) నమూనాగా కట్టించి, అక్కడే నిలబెట్టి, ల్యాప్ (రాడ్ల అతుకు పొడవు) ఎంత, స్టిరప్ (రాడ్ల చుట్టూ వేసే రింగు) హుక్ ఎటు వంచాలి, ఎందుకు వంచాలి అని చేత్తో పట్టుకుని చూపించు. ఎందుకో తెలిసినవాడు నువ్వు లేనప్పుడు కూడా సరిగ్గానే వంచుతాడు. తప్పు జరిగితే దాచకుండా చెప్పినవాడి కూలీలో కోత పెట్టనని మాటివ్వు, ఆ మాట మీద నిలబడు. అంబత్తూరులో ఆ కంకర మీద పూత పూసినవాళ్ళు దొంగలు కారు. చెబితే ఆ రోజు కూలి పోతుందని భయపడ్డారు, వాళ్ళు భయపడేలా సైటు నడిపింది మేమే.

2014 జూన్ 28న చెన్నై పక్కన మౌలివాక్కంలో కడుతూ ఉన్న పదకొండు అంతస్తుల బిల్డింగు కూలిపోయింది. 61 మంది పోయారు. చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళే. మర్నాడు నేను అక్కడికి వెళ్ళాను, తెలుగులో పేర్లు పిలుస్తూ ఏడుస్తున్నవాళ్ళ మధ్య చేతులు కట్టుకుని నిలబడిపోయాను. కారణాల జోలికి ఇక్కడ పోను. ఆ రోజు తర్వాత మాత్రం పోర్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు ఆ స్లాబు కింద ఎవరు పడుకుంటారో ఆలోచించకుండా పెట్టలేదు. ఫ్లాటు కొన్నవాళ్ళు తర్వాత వస్తారు. ముందు ఆ కింద ఉండేది నీ కూలీలే, వాళ్ళ పిల్లలే.

అన్నట్టు ఒకటి మర్చిపోయాను, ప్రాప్‌లు (స్లాబు కింద నిలబెట్టిన ఆసరాలు) తీయడం. డేట్లు ముంచుకొస్తున్నప్పుడు ముందు చేయి పడేది వాటి మీదే, కింద అంతస్తుకి సామాను కావాలని రాత్రిపూట లాగేస్తారు. ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న స్లాబుకి 7 రోజులు, 6 మీటర్ల లోపు బీముకి 14, అంతకన్నా పొడవైతే 21. ప్రతి బే దగ్గర ప్రాప్‌కి ఒక రేకు ముక్క కట్టి, దాని మీద తీయాల్సిన తేదీ పెయింటుతో తెలుగులో, ఒరియాలో, హిందీలో రాయించు.

శనివారం తొమ్మిదో స్లాబు అన్నావు కదా. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికల్లా స్టీలు పూర్తి చేయించి, వెలుతురు ఉండగానే టేపు పట్టుకుని నువ్వే పైకెక్కు, మీ క్వాలిటీ అబ్బాయిని వెంట తీసుకెళ్ళు. పిల్లర్ల అడుగున, పలకల సందుల్లో వంగి చూడు. దిగాక నాకు ఫోన్ చెయ్యి. సంతకం పెట్టడానికి మనసొప్పకపోతే కూడా చెయ్యి, నేను ఆటో ఎక్కి వచ్చేస్తాను.

మావయ్య