అమ్మ వంటగది కొట్టించే ముందు: మేనల్లుడికి మావయ్య రాస్తున్న ఉత్తరం

చిన్నోడా,

రాత్రి నువ్వు పంపిన ప్లాన్ చూశాను. వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్, అమ్మ గది కాస్తా నీ ఆఫీసు గది, ఇల్లంతా కొత్త టైల్స్, హాల్లో ఫాల్స్ సీలింగ్. కాంట్రాక్టర్ 14 లక్షలు చెప్పాడన్నావు. డబ్బు సంగతి తర్వాత మాట్లాడదాం. నా కళ్లు మాత్రం ప్లాన్ కింద నువ్వు వేసిన తేదీ దగ్గరే ఆగిపోయాయి. మా అక్క పోయి ఆ రోజుకి సరిగ్గా మూడు నెలలు.

కోప్పడకుండా చదువు. 33 ఏళ్లు విశాఖ స్టీల్ ప్లాంట్‌లో సివిల్ పనులు చూశాను, రిటైరయ్యాక చుట్టాలకీ స్నేహితులకీ ఇళ్ల పనుల్లో మాట సాయం చేస్తూనే ఉన్నాను. ఇల్లు కొట్టించాలని వచ్చేవాళ్లు ముందు టైల్స్ పాతబడ్డాయంటారు, గోడ చెమ్మ పట్టిందంటారు. టీ తాగేసరికి అసలు సంగతి బయటికొస్తుంది. కొడుకు అమెరికా వెళ్లిపోయాడు, ఆ గది తలుపు తీయబుద్ధి కావడం లేదు. లేకపోతే తోడల్లుడు మధురవాడలో ఫ్లాట్ కొన్నాడు, గృహప్రవేశానికి వెళ్లొచ్చిన రాత్రి నుంచి ఇంటావిడకి నిద్ర లేదు. ఇవన్నీ తప్పుడు కారణాలని నేననను, మనసు బాగుండాలనే కదా ఇల్లు బాగు చేసుకునేది. అయితే ఆ కారణం ఏమిటో నోరు తెరిచి చెప్పుకోకుండా మేస్త్రిని పిలిస్తే, ఏ గోడ కొట్టాలో మనసులో ఉన్న గుబులు చెబుతుంది, మనం కాదు.

నా సంగతే చూడు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, 2014 అక్టోబర్ 12, ఎంవీపీ కాలనీలో మా మేడ మీద తూర్పు కిటికీ అద్దాలు ఒక్కసారిగా పగిలి లోపలికొచ్చాయి. మీ అత్త అప్పుడే ఆ కిటికీ పక్కనుంచి లేచి దీపం కోసం వెళ్లింది. ఒక్క నిమిషం తేడా. మధ్యాహ్నం గాలి కాసేపు ఆగితే హమ్మయ్య అనుకున్నాం, తీరా చూస్తే తుఫాను కన్ను మన మీదుగా వెళుతోందట, మళ్లీ అటువైపు నుంచి మొదలైంది. ఆ తర్వాత కరెంటు లేని రోజులు, కైలాసగిరి మీద పచ్చని ఆకు లేకుండా పోవడం, అదంతా నీకూ గుర్తే. నెల తిరక్కుండా నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ కిటికీని ఇటుకలతో పూడ్పించి ప్లాస్టరింగ్ చేయించేశాను. ఇంజినీరింగ్ లెక్కలన్నీ చెప్పాను, గాలి ఒత్తిడి అదీ ఇదీ అని. మంచి గ్రిల్లు, చెక్క తలుపులు పెట్టిస్తే సరిపోయేదని నాకు తెలియదా? తెలుసు. భయం, అంతే. నాలుగేళ్లు ఆ గదిలో పగలే లైటు వేసుకున్నాం. రెండు మేడల సందులోంచి చేటెడు సముద్రం కనబడేది అక్కడినుంచి, మీ అత్త పొద్దున కాఫీ అక్కడే తాగేది. పూడ్చాక కాఫీ వంటగదిలో నిలబడి తాగడం మొదలెట్టింది, ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. చివరికి నేనే మళ్లీ కొట్టించాను. పూడ్చడానికైన దానికి మూడింతలైంది.

ఇప్పుడు నీ ఇంటికొద్దాం. వంటగది మార్చు. దానికి ఎవర్నీ అడగక్కర్లేదు, ఆగక్కర్లేదు. మా అక్క ఐదడుగులకి తక్కువ, మీ నాన్న పక్కనుండి ప్లాట్‌ఫారం 28 అంగుళాల ఎత్తులో కట్టించాడు ఆవిడ కోసం. అప్పట్లో అదే ముద్దు. నీ పెళ్లాం ఐదడుగుల ఆరంగుళాలు. తొమ్మిదేళ్లుగా ఆ పిల్ల అక్కడ వంగి కూరలు తరుగుతోంది, నడుం నొప్పని నీకు చెప్పలేదు, మీ అత్తకి చెప్పింది. అత్తగారి వంటగదిని ఎత్తు పెంచమని అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకుంది. నీ ప్లాన్‌లో అన్నీ ఉన్నాయి గానీ ఈ ఎత్తు ఎక్కడా రాయలేదు చూశావా. నిలబడి మోచెయ్యి మడిస్తే ఆ మోచేతికి నాలుగు నుంచి ఆరంగుళాల కింద ఉండాలి పైబండ. వీడియోల్లో చూపించే సైజులు వద్దు, ఆ అమ్మాయిని కొలిచి కట్టించు.

పాత కడప బండని మాత్రం ముక్కలు చేయనివ్వకు. సింకు పక్కన అంచు మీద వేలు పెట్టి చూడు, చిన్న గుంట తగులుతుంది. మా అక్క అక్కడే చాకు నూరేది, చారు పొంగుతున్నా సరే రెండు గీతలు గీసి గానీ ఉల్లిపాయ ముట్టేది కాదు. ఆ మేరకు బండ కోయించి తులసికోట దగ్గర చప్టాకి వేయించు. మేస్త్రి విసుక్కుంటాడు, విసుక్కోనీ.

ఓపెన్ కిచెన్ మాట మర్చిపో. ఆ ఇంటికి పిల్లర్లు లేవు. శ్లాబ్ వేసిన రోజు నేనక్కడే ఉన్నాను, ఆ తొమ్మిదంగుళాల గోడ మీదే ఆనింది బరువంతా. "కొట్టేయొచ్చు సార్, బీమ్ ఇచ్చేద్దాం" అన్నవాడిని ఏ స్ట్రక్చరల్ ఇంజినీర్ చూశాడో కాగితం తెమ్మను. నీ పెళ్లాం వంటింట్లో ఒంటరిగా ఉన్నట్టుండకూడదని ఆ గోడ తీద్దామనుకుంటే, పైన బరువు మోసే లింటెల్ దూలం వేసి అడుగున్నర కిటికీ పెట్టుకోండి, మాటలూ పళ్లాలూ రెండూ అందుతాయి.

ఇక మీ నాన్న. బావగారికి గ్లకోమా వల్ల పక్క చూపు బాగా తగ్గింది కదా. మొన్న మీ ఇంట్లో పడుకున్నప్పుడు గమనించాను, రాత్రి రెండింటికి లేచి లైటు వేయకుండానే బాత్రూమ్‌కి వెళ్లాడు. ముందు బీరువా మూల తడిమాడు, తర్వాత ఫ్రిజ్, అక్కడినుంచి చెయ్యి చాపితే సరిగ్గా స్విచ్ మీద పడింది. కళ్లతో కాదు, చేత్తో బతుకుతున్నాడు ఆ ఇంట్లో. నీ ప్లాన్‌లో ఫ్రిజ్ ఇటు వచ్చింది, స్విచ్ బోర్డు అటు పోయింది, కింద నున్నటి టైల్స్. పైగా మధ్యాహ్నం పూట ఆయన కూర్చునేది అమ్మ గదిలోనే. ఎందుకు కూర్చుంటాడో అడగకు, గది మారుద్దామనుకుంటున్నాను అని మాత్రం ఒకసారి ఎదురుగా కూర్చుని చెప్పు, జవాబు కోసం తొందర పెట్టకు. చెల్లికీ ఫోన్ చెయ్యి. సంక్రాంతికి పిల్లలతో దిగేసరికి గది లేదంటే దాని మొహం ఎలా ఉంటుందో ఊహించుకో. నీకది ఇల్లు, దానికది పుట్టిల్లు.

ఆ గదిని సంవత్సరీకం అయ్యేదాకా కదపొద్దని నా మాట. ముహూర్తాల మీద నాకు పెద్ద పట్టింపు లేదని నీకు తెలుసు, ఆషాఢంలో పనులు మొదలెట్టించినవాణ్ణి. కానీ పోయినవాళ్ల ఏడాది తిరక్కుండా కొత్త పనులు పెట్టుకోవద్దని పెద్దలు అన్నదాంట్లో కాస్త విషయం ఉంది. మూడో నెలలో చీర కనిపిస్తే చూడలేక బీరువాతో సహా పంపించేయాలనిపిస్తుంది, పదో నెలలో ఆ చీర కోసమే వెతుక్కుంటాం.

పని సంగతులు నాలుగు ముక్కల్లో. ఫాల్స్ సీలింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకు. పెదవాల్తేరులో ఉప్పుగాలికి శ్లాబ్‌లో ఊచలు తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటుని కిందికి నెట్టేస్తుంటాయి, దాన్ని కప్పేస్తే పెచ్చు నెత్తిన పడేదాకా తెలియదు. ముందు శ్లాబ్ రిపేరు, పైన వాటర్ ప్రూఫింగ్. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఎండల్లో మేడ మీద పని పూర్తి చేయించు, అక్టోబర్, నవంబర్ నెలల్లో ఇల్లు విప్పి పెట్టుకుని తుఫాను హెచ్చరికలు వింటూ కూర్చునే టెన్షన్ నీకొద్దు. కొత్త ప్లాస్టరింగ్‌కి కనీసం వారం రోజులు నీళ్లు కొట్టాలి, మేస్త్రి మూడు రోజులు చాలంటాడు, వినకు. బందులు, గొళ్లేలు స్టెయిన్‌లెస్ స్టీల్ 316 గ్రేడు అడుగు, ఖరీదెక్కువే, మన ఊరికి అదే నిలుస్తుంది.

అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదుగా? ఇవ్వకు. ఆదివారం పొద్దున్నే వస్తున్నాను, సుత్తి నేనే తెస్తాను, శ్లాబ్ ఎక్కడెక్కడ గుల్ల శబ్దం వస్తుందో కొట్టి చూసి సుద్దముక్కతో గీతలు గీద్దాం. బావగారిని కూడా మేడ మీదికి తీసుకెళదాం, మెట్లు ఆయనకి బాగా అలవాటే. టేపు నువ్వు వెతికి పెట్టు. ముందు అమ్మాయిని వంటగదిలో నిలబెట్టి కొలత తీసుకుందాం, చెప్పులు లేకుండా.

మీ మావయ్య