హనుమకొండ హోటల్లో మాట కలపడం గురించి మేనల్లుడికి

చిరంజీవి శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

పొద్దున పూట మీ వీధి మొదట్లో హోటల్ దగ్గర పదిమంది రోజూ కూర్చుంటారనీ, రాజకీయాల దగ్గర్నుంచి బతుకమ్మ దాకా అన్నీ నడుస్తాయనీ, నువ్వు మాత్రం గ్లాసు ఖాళీ చేసి వచ్చేస్తున్నావనీ రాశావు. ఎలా కలవాలని అడిగావు. తెనాలి వాడివి, వెళ్ళింది హనుమకొండకి. ఆ బెరుకు నువ్వు రాయకపోయినా ఉత్తరంలో కనపడుతూనే ఉంది. దాని సంగతికీ వస్తాను.

ముందు వేళ చూసుకో. అలాంటి చోట్ల కబుర్లు పేపర్లు విప్పినప్పుడు మొదలై, దుకాణాల షట్టర్లు లేచే వేళకి సద్దుమణుగుతాయి. అంటే దాదాపు ఆరున్నర నుంచి ఎనిమిది. ఎనిమిదింటికి వెళితే తోక దొరుకుతుంది, తల దొరకదు. ఒకే వేళకి వరసగా పది పన్నెండు రోజులు కనపడు. ఆ రోజుల్లో నీ పని పేపరు అందించడం, పలకరిస్తే పలకడం, అంతే. ఎవరు వస్తే మాట మారుతోందో, ఎవరు నోరు విప్పితే మిగతావాళ్ళు ఆగుతారో, ఏ ఇద్దరు ఒకరి మాట ఒకరు ఒప్పుకోరో గమనించు. హోటలాయన్ని మాత్రం ‘మీరేమంటారు’ అని ఇరికించకు. అన్ని పార్టీల వాళ్ళూ ఆయన దగ్గరే చాయ్ తాగాలి.

నీ చాయ్ డబ్బులు నువ్వే ఇవ్వు. ఎవరైనా నీకు తాగించాక, ఒకటి రెండు రోజులాగి నువ్వు తాగించు. మొదటి వారంలోనే అందరికీ ఇచ్చావంటే కార్పొరేటర్ టికెట్ కోసం తిరుగుతున్నాడేమో అనుకుంటారు. నవ్వకు, నిజంగానే అనుకుంటారు.

ఇక అసలు విషయం. కొత్తగా చేరినవాడు చేసే మొదటి తప్పు ‘ఈసారి ఎవరొస్తారంటారు?’ అని అడగడం. ఆ ప్రశ్నకి ప్రతివాడి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది, దాంతో పాటు పార్టీ జెండా కూడా. నీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు, పైగా నువ్వెటు అని ఎదురు ప్రశ్న వస్తుంది. దాని బదులు మనిషిని అతని పని గురించి అడుగు. ఆ పదిమందిలో ఒకరు ఆటో నడుపుతారు, ఒకరికి ఊళ్ళో నాలుగెకరాలుంటుంది, ఒకరు రిటైరైన టీచరు, ఒకరు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో హమాలీయో గుమాస్తాయో అయి ఉంటారు. ‘ఈసారి మీ ఊళ్ళో కాంటాలు ఎప్పుడు మొదలైనయ్?’ అని అడిగి చూడు, కాంటాలంటే వడ్ల తూకాలు. ప్రభుత్వం ఎలా నడుస్తోందో గంట సేపు వింటావు, ఏ పార్టీ పేరూ ఎత్తకుండానే.

ఆ మాటలు అర్థం కావాలంటే కొంచెం సరంజామా కావాలి. మనవైపు సార్వా, దాళ్వా అంటాం. అక్కడ వానకాలం, యాసంగి. 2025–26కి వరి మద్దతు ధర క్వింటాలుకి సాధారణ రకం 2,369 రూపాయలు, ఏ గ్రేడు 2,389. 2024 వానకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్నాలకి, అంటే సన్న వడ్లకి, క్వింటాలుకి 500 రూపాయల బోనస్ ప్రకటించింది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు, రోడ్డు మీదే ఆరబెట్టుకోవాలి, ఆ లోపు వాన పడితే గింజ మొలకెత్తుతుంది. రైతు కోపం ఎక్కువసార్లు ధర మీద ఉండదు, ‘తరుగు’ మీద ఉంటుంది. 40 కిలోల బస్తాకి తాలు ఉందనో, మట్టి ఉందనో పైన ఇంకొంత తూకం లాగుతారు. ధర పెరిగిందని నువ్వు పేపర్లో చదివి చెబితే, ‘తరుగు ఎంత తీసిన్రో అది చెప్పు’ అని ఒక్క మాటలో కూర్చోబెడతారు. ఈ ఒక్క పదం తెలిసి ఉంటే నువ్వు అడిగే ప్రశ్నే వేరుగా ఉంటుంది.

నీ దగ్గరా సరుకు లేకపోలేదు. గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లో పెరిగినవాడివి. ఎనుమాముల కూడా మిర్చికి పెద్ద మార్కెట్టే. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన గుంటూరు సన్నానికి అంతకు ముందే ఉంది. అక్కడి రైతు గుంటూరు రేటు ఎంతో తెలుసుకోవాలనుకుంటాడు, తేజ రకం ఎంత, కోల్డ్ స్టోరేజీలో దాచిన ఏసీ సరుకు ఎంత అని. అయితే ఒక మెలిక. వరిలో తాలు అంటే పొల్లు గింజ, మిర్చిలో తాలు అంటే రంగు తెల్లబోయిన కాయ. ఏ పంట మాట్లాడుతున్నారో పట్టుకోకుండా దూరిపోకు.

భాష సంగతి. వాళ్ళ యాసని అనుకరించకు. ‘గట్లనా అన్నా’ అని తెనాలి గొంతుతో అంటే అభిమానం అనుకోరు, వెక్కిరింపు అనుకుంటారు. కారణం ఉంది. ఎన్నో ఏళ్ళు సినిమాల్లో ఆ యాసని రౌడీకీ హాస్యగాడికీ ఇచ్చారు. ఆ మంట ఇంకా ఉంది. నీ మాట నువ్వు మాట్లాడు, వాళ్ళ మాట అర్థం చేసుకో. లొల్లి, పంచాది అంటే గొడవ. ఉల్లిగడ్డ మన ఉల్లిపాయ, ఎల్లిగడ్డ వెల్లుల్లి. అంగీ చొక్కా. పిలుపులో కూడా తేడా ఉంది. మన ‘గారు’ అక్కడ కొంచెం దూరం పెడుతుంది, పెద్దవాళ్ళని ‘కాక’ (మన బాబాయి) అనో, ‘అన్న’ అనో, టీచర్ని ‘సార్’ అనో అంటే సరిపోతుంది. ‘మీరు’ మాత్రం వదలకు. వాళ్ళు నిన్ను ‘నువ్వు’ అంటే చిన్నబుచ్చుకోకు, అది దగ్గరితనం. ఇంటిపేరు అడగకు. నిన్ను అడిగితే ఊరూ ఉద్యోగమూ చెప్పి మాట మళ్ళించు. ఆ ప్రశ్న దేనికో అడిగేవాడికీ తెలుసు, నీకూ తెలుసు.

కొన్ని చోట్ల ఒక్క పదంతోనే నువ్వెవరివో తేలిపోతుంది. మనం ‘విభజన’ అంటాం. అక్కడ ‘తెలంగాణ వచ్చినంక’ అంటారు. 2014 జూన్ 2 వాళ్ళకి పండగ, మనవైపు రాజధాని పోయిన రోజు. ‘విభజన తర్వాత’ అని అలవాటుగా అనేస్తావు చూడు, అక్కడ బెంచీ మీద కాసేపు నిశ్శబ్దం. ‘2014 తర్వాత’ అను, ఏ చిక్కూ లేదు. సెప్టెంబర్ 17 ఇంకా తమాషా. 1948లో నిజాం సంస్థానం భారతదేశంలో కలిసిన రోజు. బీజేపీ దాన్ని విమోచన దినం అంటుంది, కమ్యూనిస్టులు విలీనం అంటూ సాయుధ పోరాటాన్ని గుర్తు చేస్తారు, విద్రోహం అనేవాళ్ళూ ఉన్నారు. బీఆర్ఎస్ (అప్పటికి టీఆర్ఎస్) ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినంగా జరిపింది. కాంగ్రెస్ ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినోత్సవం అని పేరు పెట్టింది. రోజు ఒకటే, పేరు చెబితే పార్టీ చెప్పినట్టే. నువ్వు ‘సెప్టెంబర్ 17’ అని ఊరుకో. ఎవరు ఏ పేరు వాడుతున్నారో విను, ఏ పేరెందుకో అడుగు. మీ రిటైర్డ్ టీచరుకి ఆ రోజుకి కావలసినంత పని దొరుకుతుంది.

అలాగే ‘ముల్కీ’ అన్న మాట. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే స్థానికుడు. నిజాం కాలపు నిబంధన ప్రకారం ముల్కీ అనిపించుకోవాలంటే 15 ఏళ్ళ నివాసం ఉండాలి. 1952 ముల్కీ ఆందోళన వరంగల్ విద్యార్థులతోనే మొదలైంది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, స్థానికులకి ఉద్యోగాల్లో వాటా ఇచ్చిన ఆరు సూత్రాల ఒప్పందం, దాన్ని మీరి చేసిన నియామకాలని సరిదిద్దమన్న 610 జీవో, ఇప్పుడు స్థానికులకి 95 శాతం ఉద్యోగాలనే 2018 ఉత్తర్వు, అన్నీ ఒకే దారంలో పూసలు. వేరే రాష్ట్రం నుంచి ఉద్యోగానికి వచ్చినవాడు ఈ దారం తెలియకుండా స్థానిక కోటా మీద అభిప్రాయం చెప్పడం చొరవ కాదు, పొగరు. వినాల్సిన విషయాల్లో మొదటిది ఇదే.

అంకెలు చెప్పేటప్పుడు జాగ్రత్త. ఎన్నికల కబుర్లలో జరిగే పొరపాట్లలో సగం, ఓట్ల శాతాన్నీ సీట్లనీ కలిపేయడం వల్లే. ఇది ఒకటి గుర్తు పెట్టుకో: 2019లో ఆంధ్రలో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో అక్కడే వైఎస్సార్‌సీపీకి కూడా సుమారు 39 శాతం, కానీ 11 సీట్లు. 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కి సుమారు 39 శాతం, 119లో 64 సీట్లు, ప్రభుత్వం. ఒకే 39 శాతం ఒకచోట గద్దెనెక్కిస్తుంది, ఇంకోచోట కూలదోస్తుంది. ఎందుకంటే 2024లో ఆంధ్రలో అవతలి మూడు పార్టీలు కలిసి ఒకే అభ్యర్థిని నిలిపాయి. తెలంగాణలో మిగతా ఓటు బీఆర్ఎస్, బీజేపీల మధ్య చీలింది. బీఆర్ఎస్‌కి 37 శాతం వచ్చినా సీట్లు 39 దగ్గర ఆగాయి. ‘జనం పూర్తిగా తిరస్కరించారు’ అని ఎవరైనా అన్నప్పుడు ఇది మెల్లగా చెప్పొచ్చు. ఏ పార్టీ వాడికీ పూర్తిగా నచ్చదు, ఎవరూ కాదనలేరు.

బడ్జెట్టు మాట వస్తే, ఒకే పథకానికి మూడు అంకెలుంటాయని తెలుసుకో: కేటాయించింది, మధ్యలో సవరించింది, చివరికి నిజంగా ఖర్చయింది. అధికార పార్టీ మొదటిది చెబుతుంది, ప్రతిపక్షం మూడోది చెబుతుంది, ఇద్దరివీ నిజాలే. ‘ఏ సంవత్సరం లెక్క అన్నా అది, అంచనానా ఖర్చా?’ అని అడిగితే చాలు. పేపర్లు కూడా రెండు చదువు. నమస్తే తెలంగాణ, వెలుగు పక్కపక్కన పెట్టుకుని ఒకే వార్త చదివితే ఏది రాశారో కన్నా ఏది వదిలేశారో బాగా కనపడుతుంది. రాష్ట్ర వార్తలకంటే జిల్లా పేజీ ముందు చూడు. నాలాల పూడిక, 2023 జూలై వరదకి మునిగిన కాలనీలు, భద్రకాళి చెరువు పూడికతీత, ఇవి ఆ బెంచీ మీద ఎప్పటికీ పాతబడవు. మీ ఇల్లు వరంగల్ కార్పొరేషన్‌లో ఏ డివిజన్‌లో ఉందో తెలుసుకో. అది తెలియకుండా కాలువల గురించి మాట్లాడితే అద్దెకున్నవాడి మాటలాగే ఉంటుంది.

కాదనాల్సి వస్తే, ఎదుటివాడు అన్నది ముందు నీ నోటితో చెప్పు. ‘మీరనేది కాలేజీలు పెరిగినయ్ గానీ కొలువులు పెరగలేదనే కదా కాకా?’ అను. అవునన్నాక నీ మాట రెండు వాక్యాల్లో చెప్పి గ్లాసు నోటికి పెట్టు. మూడో వాక్యం నుంచి ఉపన్యాసం. ఫోన్ తీసి చూపించకు. అది పదిమంది కబుర్లని ఇద్దరి పంచాయితీ చేస్తుంది, పైగా వాళ్ళూ ఫోన్లు తీస్తారు, ఇక ఆ పొద్దు అయిపోయినట్టే. ఫార్వర్డయిన వీడియో ఎవరైనా చూపిస్తే అబద్ధం అని కొట్టిపారేయకు, ‘ఇది ఏ ఊరిదంటారు, ఎప్పటిది?’ అని అడుగు. అందులో బస్సు రంగూ బోర్డు మీది లిపీ చూసి వాళ్ళే చాలాసార్లు తేల్చేస్తారు. నువ్వు చెప్పింది తప్పని తేలితే మర్నాడు అదే వేళకి, అదే మనుషుల ముందు, అడగకముందే ఒప్పుకో. గొంతులు లేచినప్పుడు మాత్రం ఎవరి పక్షానా దూకకు. డబ్బులిచ్చి ‘రేపొస్తా’ అని లేచిరా. రేపు వెళ్ళడం మానకు, మానితే కోపం తెచ్చుకున్నావనుకుంటారు.

పండగల మాటలు తేలికనుకుంటావేమో, అక్కడా గుంటలున్నాయి. పోతన బమ్మెరవాడా ఒంటిమిట్టవాడా అన్న తగువు జోలికి మొదటి ఏడాది పోకు. బమ్మెర నీకు పక్క జిల్లాలోనే ఉంది, ఆదివారం వెళ్ళి చూసిరా, చూసొచ్చానని చెప్పు. బతుకమ్మ తొమ్మిది రోజులు, ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగుస్తుంది. ‘మన అట్లతద్ది లాంటిదా’ అని పోల్చకు, ఏ పువ్వు ఎక్కడ దొరుకుతుందో అడుగు. తంగేడు, గునుగు ఊరవతల తగ్గిపోతున్నాయన్న బాధ నుంచి చెరువుల కబ్జా దాకా వెళుతుంది మాట. మేడారం జాతర రెండేళ్ళకోసారి. అక్కడ అమ్మవార్లకిచ్చే బెల్లాన్ని బంగారం అంటారు. ఆ సంగతి తెలియక ‘ఎన్ని గ్రాములు’ అని అడిగావంటే ఏడాది పాటు నీ పేరు అదే.

ఎన్నికల ముందు నెల ఆ బెంచీ వేరు. తెలియని ముఖాలు వస్తాయి, ఎవరేమన్నారో మోసేవాళ్ళుంటారు. ఎవరికేశావని అడగకు. నిన్నడిగితే ‘ఇంకా చూస్తున్నా కాకా’ అను. నీ ఓటు ఇంకా తెనాలిలోనే ఉంటే, అక్కడే స్థిరపడే ఆలోచన ఉంటే, ఫారం 8 నింపి హనుమకొండకి మార్పించుకో. చిరునామా రుజువు జత చేయాలి, ఇంటర్నెట్లో కూడా పెట్టొచ్చు. ఎమ్మెల్యే గురించి మాట్లాడేటప్పుడు అక్కడ ఓటున్నవాడి మాటకి వచ్చే బరువు వేరు.

మిర్చి ఫిబ్రవరికల్లా మార్కెట్ని ముంచెత్తుతుంది. అప్పటికి గుంటూరులో తేజ ఎంత పలుకుతోందో మీ నాన్నని అడిగి వారం వారం రాసి పెట్టుకో. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

ఇట్లు
మామయ్య