నువ్వు చెప్పిన అబద్ధాలు రాయి తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ వచ్చి పదిరోజులైంది, ఆలస్యానికి ఏమనుకోబాక. ఒకసారి ఫోన్‌లో చదివా, ఇంకోసారి ప్రింట్ తీయించుకుని చదివా. ప్రింట్ తీసిచ్చిన జిరాక్స్ షాపు పిలకాయి మొదటి పేజీ చూసి "ఏందన్నా, లవ్ స్టోరీనా" అన్నాడు, అవునబ్బయా అన్నా. పోయినేడాది అయితే నాది కాదు, ఎవురో పంపించారు అని ఉండేవాణ్ణి.

నీకు రాయడం వచ్చు. కందుకూరు బస్టాండ్‌లో రాత్రి పదకొండింటికి బెంగుళూరు బస్సు కోసం నిలబడ్డప్పుడు మీ అమ్మ నీ జేబులో కరివేపాకు పొడి పొట్లం కుక్కింది చూడు, ఆ నాలుగు లైన్లు నేను రాసుంటే బాగుండు అనిపించింది. పొగడ్త అయిపోయింది, ఇప్పుడు తిట్లు.

ఏడు పేజీలు తను, తను అని రాసి, వచ్చారు వెళ్ళారు తిన్నారు అని నెట్టుకొచ్చి, ఎనిమిదో పేజీలో ఒక్కసారిగా "వచ్చాడు" అని డు పెట్టి, హీరో ప్రేమించింది మగాణ్ణని బాంబు పేల్చావు. నువ్వు బాంబు అనుకున్నావు. చదివేవాడు మూడో పేజీలోనే కనిపెడతాడు, కనిపెట్టకపోయినా ఏమవుద్ది, అబ్బో అని ఒకసారి నోరు తెరుస్తాడు, నీవాడు మాత్రం మనిషిగా మిగలడు, పొడుపుకథకి విప్పు అయిపోతాడు.

ఆ "రు" సంగతి నాకు నీకంటే బాగా తెలుసు. హైదరాబాద్‌లో ఆఫీసులో ఫోనొస్తే ఇరవై మంది మధ్యలో "ఆ, బయల్దేరారంట, తినేశారంట" అని మాట్లాడేవాణ్ణి, పక్కసీటాయన "ఎవురు, మేడమా" అని కన్నుకొట్టేవాడు, నేనూ నవ్వేవాణ్ణి. పెద్దోళ్ళకి మర్యాద కోసం పెట్టిన రు నాకు దుప్పటి కింద పనికొచ్చింది. కథలో ఆ దుప్పటి కప్పుకోబాక, ఆ దుప్పటి గురించి రాయి. పక్కసీటాయన కన్నుకొట్టడం రాయి.

నేను చెప్పేది ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే. ఒక నోట్‌బుక్ కొనుక్కుని నువ్వు ఇప్పటిదాకా చెప్పిన అబద్ధాలన్నీ అందులో రాయి. ఎవరికి చెప్పావు, ఏ మాటల్తో చెప్పావు, అప్పుడు చేతిలో ఏముండాది. నీ బాధ రాయబాక, బాధ అందరిదీ ఒకేలా ఉంటది. అబద్ధం మాత్రం ఎవుడిది వాడిదే, ఊరిని బట్టి, చేసే పనిని బట్టి, అడిగిన మనిషిని బట్టి మారతా ఉంటది.

నావి చెప్తా చూడు. 1992లో బీఎస్సీ జువాలజీ అవంగానే అల్లూరు దగ్గర రొయ్యల గుంటల మీద పనికి చేరా. అప్పుడు మన నెల్లూరు జిల్లా సముద్రం పక్కన ఎవుణ్ణి కదిలించినా టైగర్ రొయ్య మాటే, వరి చేలు తవ్వి గుంటలు చేశారు, సైకిళ్ళమీద తిరిగినోళ్ళు బుల్లెట్లు కొన్నారు. నా పని చెక్ ట్రే లేపి మేత ఎంత మిగిలిందో చూడటం, నీళ్ళు మార్చడం, రాత్రి కాపలా. కాపలాకి ఇద్దరం. రెండోవాడి గురించి ఎక్కువ చెప్పను, వాడికిప్పుడు మనవళ్ళు. తాటాకు షెడ్డు, డీజిల్ ఇంజన్ మోత, ఆ మోతలో ఏం మాట్లాడినా బయటికి వినపడదు, దానికి మాత్రం ఇంజన్‌కి రుణపడి ఉన్నా.

1995లో మాకు వైట్ స్పాట్ రోగం తగిలింది. రొయ్య గుల్ల మీద తెల్లచుక్కలు వస్తాయి, మేత మానేసి గట్టు వారకి వచ్చేస్తాయి, తెల్లారేసరికి గట్టు మీద కాకులు చేరాయంటే లెక్క తేలిపోయినట్టే. మూడునాలుగు రోజుల్లో గుంట ఖాళీ. అదే నెలలో వాడికి పెళ్లి. ఊరు ఊరంతా రొయ్యల కోసం ఏడుస్తుంటే నేనూ గట్టు మీద కూర్చుని ఏడ్చా, ఒక్కడు కూడా ఎందుకని అడగలేదు. ఓనరు వచ్చి నా భుజం తట్టి "నీదేం పోయిందిరా, నీ జీతం నేనిస్తాగా" అన్నాడు. ఇంట్లో ఏం చెప్పా? రొయ్యల కల్చర్ దెబ్బతినింది, పనిలేదు అని. పచ్చి నిజం అది, కానీ అబద్ధం. అట్టాంటివి నోట్‌బుక్‌లో ముందు పేజీల్లో రాసుకో, నిజం చెప్తూ ఆడే అబద్ధాలు అన్నిటికన్నా పనికొస్తాయి కథకి.

తర్వాత చీమకుర్తి. నల్లరాయి క్వారీలో డిస్పాచ్ క్లర్కు. గెలాక్సీ గ్రానైట్ అంటారు, నల్లటి రాయిలో బంగారపు చుక్కలు, పాలిష్ పడితే రాత్రి ఆకాశం లాగా ఉంటది, ఓడలెక్కి దేశాలు పోతది. బ్లాక్ కొలిచి పెయింట్‌తో నంబరు వెయ్యాలి, లారీ పంపాలి. మూడేళ్ళు చేశా. దుమ్ము పడట్లేదు, దగ్గొస్తా ఉండాది అని చెప్పి మానేశా. దగ్గు ఉన్నమాట నిజమే, అక్కడ దగ్గు లేనోడెవుడు.

అసలు సంగతి పొదిలి సంబంధం. ఇక్కడ కొంచెం ఆగుతా, ఎందుకంటే నీ కథలో కూడా ఒక భార్య ఉంది, రెండు చోట్ల వస్తది, రెండు చోట్లా ఏడుస్తది. అంతేనా ఆమెకి పని? నేను చూడబోయిన అమ్మాయి కూడా బీఎస్సీ, బొటనీ. పెద్దోళ్ళు మమ్మల్నిద్దర్నీ వసారాలో కూర్చోబెట్టి లోపలికి పోతే, ఆ అమ్మాయి కాసేపు చూసి, మీరు రొయ్యల దగ్గర పనిచేశారంటగా, రొయ్యకి గుండె యాడుంటది అని అడిగింది. తలకాయలో అన్నా. నిజంగా అంతే, రొయ్యకి గుండె తల భాగంలోనే ఉంటది. ఆ అమ్మాయి గట్టిగా నవ్వింది, లోపల వాళ్ళ నాయన దగ్గాడు. నాకు ఆమె నచ్చింది తమ్ముడూ, మాట్లాడాలనిపించేంత నచ్చింది, అంతకు మించి ఏం లేదు. బయటికొచ్చి నచ్చింది అని చెప్పా, భయంతో. ఇరవై రోజుల తర్వాత వద్దని కబురు పంపి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోయా. ఆ ఇరవై రోజుల్లో ఆ ఇంట్లో ఏం కొన్నారో, ఎవరెవరికి చెప్పుకున్నారో నాకు తెలియదు. ఇన్ని కథలు రాశా, ఆమెని ఒక్కదాంట్లో కూడా పెట్టలేకపోయా. నువ్వన్నా ఆ భార్యకి ఒక ప్రశ్న ఇవ్వు. ఏడుపు తర్వాత చూద్దాం.

మద్రాసు, హైదరాబాదు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మద్రాసులో డీటీపీ, అను ఫాంట్లలో పెళ్లి శుభలేఖలు కంపోజ్ చేసేవాణ్ణి, నవ్వుకో. హైదరాబాదులో ప్రూఫులు దిద్దడం, తర్వాత అనువాదాలు. ఇంటికి ఫోన్ చేస్తే జీతం బాగుంది అనేవాణ్ణి. జీతం ఎప్పుడూ బాలేదు. రెండు ఊళ్ళలో పదహారేళ్ళు, అద్దె ఇళ్ళు పదకొండు. "ఫ్యామిలీ ఎప్పుడొస్తది" అని ఓనరు మూడోసారి అడిగాడంటే సామాను సర్దుకోవడమే.

2015లో నాయనకి పక్షవాతం వచ్చి నెల్లూరు వచ్చా. ఆస్పత్రి వరండాలో రాత్రి మూడింటికి నిద్రపట్టక ఫోన్‌లో మనలాంటోళ్ళు ఒకరినొకరు వెతుక్కునే యాప్ తెరిచా, హైదరాబాద్‌లో అలవాటు. దూరం చూపిస్తదిగా, కావలిలో ఒకడు, గూడూరులో ఒకడు ఉంటారేమోలే అనుకున్నా. మొదటి బొమ్మ, మొహం లేదు, మామిడికాయ ఫోటో, కింద 40 మీటర్లు అని ఉంది. గుండె ఆగినంత పనైంది, తలకాయలోదో ఇంకెక్కడిదో. పై ఫ్లోర్‌లో నైట్ డ్యూటీ మేల్ నర్స్. నాలుగున్నరకి గేటు బయట టీకొట్టు దగ్గరికి వచ్చాడు, యూనిఫాం మీదే, జేబులో థర్మామీటరు. మేము మాట్లాడుకున్నదేందో తెలుసా, నాయనకి ఒంట్లో సోడియం ఎందుకు తగ్గింది, మంచంలోనే ఉండే మనిషికి వీపు పుండు పడకుండా ఎన్ని గంటలకొకసారి పక్కకి తిప్పాలి. రెండు గంటలకొకసారంట. రాసుకో అన్నాడు, రాసుకున్నా. నీ కథలో ఇద్దరూ వానలో తడుస్తారు, తడవనీ, కానీ ఎవడో ఒకడు ఇంకోడికి పనికొచ్చే మాట ఒకటి చెప్పాలిగా.

అప్పట్నుంచి వేదాయపాలెంలో ఒకే ఇంట్లో ఉన్నాం. పేరు పెట్టబాకు అన్నాడు కాబట్టి మావాడు అంటా. గమనించావా, పార్ట్‌నర్ అంటే రొయ్యల గుంటలో వాటాదారుడు అనుకుంటారు, మా ఆయన అంటే నాకే నవ్వొస్తది, మావాడు అనేది మాత్రం ఎంత బాగుందో. కొడుకుని అంటారు, స్నేహితుణ్ణి అంటారు, ఎద్దుని కూడా అంటారు మన ఒంగోలు వైపు. దాక్కోవాలన్నా చోటుంది, చెప్పుకోవాలన్నా సరిపోద్ది. నువ్వు కథలో వాడిన "స్వలింగ సంపర్కుడు" అనే మాట మాత్రం తీసెయ్. పేపరోళ్ళ మాట అది. పొద్దున్నే పాలపాకెట్ తేవడం, గ్యాస్ బుక్ చెయ్యడం కూడా సంపర్కమేనా? గే అని రాయి చాలు, అందరికీ తెలుసు. ఊళ్ళో వాళ్ళు తిట్టే మాటలు ఉంటాయి చూడు, "తేడా" గట్రా, అవి తిట్టేవాడి నోట్లోనే పెట్టు, నీ నోట్లోకి తెచ్చుకోబాక.

ఇంకోటి, మూడో పేజీలో హీరో చేత, మనలాంటోళ్ళని నేరస్థుల్ని చేసిన 377 సెక్షన్ మీద పేజీన్నర లెక్చర్ ఇప్పించావు. 2009లో ఢిల్లీ హైకోర్టు నేరం కాదనడం, 2013లో సుప్రీంకోర్టు దాన్ని తిరగేయడం, తేదీలు అన్నీ కరెక్టే. కానీ చట్టం ఇంట్లోకి అట్టా రాదు. 2018 సెప్టెంబర్ 6న, సుప్రీంకోర్టు మళ్ళీ తీర్పిచ్చిన రోజు, మా ఓనరు పెద్దాయన వసారాలో టీవీ పెట్టుకుని, అప్పుడే డ్యూటీ నుంచి వస్తున్న మావాణ్ణి పిలిచి "ఏంది అబ్బయా ఇది, మొగోళ్ళూ మొగోళ్ళూ పెళ్లి చేసుకోవచ్చంట" అన్నాడు. ఆ తీర్పులో పెళ్లి మాటే లేదు, నేరం కాదని మాత్రమే చెప్పింది, పెళ్లి అడిగితే 2023 అక్టోబర్ 17న కుదరదన్నారు. అదంతా పెద్దాయనకి ఎవురు చెప్తారు. మావాడు "అట్నా అండీ" అని లోపలికొచ్చాడు. నేను చేపల పులుసు దించుతున్నా, ముందురోజు రాత్రే చేసి ఉంటే ఇంకా బాగుండేది. ఇద్దరం ఏం మాట్లాడుకోకుండా తిన్నాం, వాడు మూడోసారి అన్నం పెట్టుకున్నాడు. ఎప్పుడూ రెండుసార్లే తింటాడు.

అట్టాగే బ్యాంకు. జాయింట్ అకౌంట్‌కి మనలాంటోళ్ళకి అడ్డం లేదు, ఒకరినొకరు నామినీ కూడా పెట్టుకోవచ్చు అని 2024 ఆగస్టులో కేంద్రం చెప్పింది కదా, తర్వాత ఒకరోజు ఇద్దరం పోయాం. అంతకుముందు నా హెర్నియా ఆపరేషన్ కాగితాల మీద రోగికి ఏమవుతారు అన్నచోట వాడు తమ్ముడు అని రాశాడు, ఇంటిపేర్లు వేరేగా ఉంటే పిన్ని కొడుకు అని నోటితో సర్దాడు. బ్యాంకులో ఆ అమ్మాయి తలెత్తకుండా "బ్రదర్సా సార్" అంది. నేను అలవాటుకొద్దీ ఆ అనబోయా. మావాడు "కాదు" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలా. ఆ అమ్మాయి ఒకసారి చూసింది, ఫారం నింపింది, సంతకాలు ఇక్కడ అంది.

రొట్టెల పండగ గురించి కూడా చెప్తా, ఇది కథల్లోకి తేకూడని దానికి ఉదాహరణ. చీమకుర్తిలో ఉండంగా మా అమ్మ నన్ను నెల్లూరు బారాషహీద్ దర్గాకి లాక్కుపోయి, స్వర్ణాల చెరువులో మోకాటిలోతు నీళ్ళలో నిలబెట్టి పెళ్లి రొట్టె పట్టించింది. కోరిక తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి, నీకు తెలిసిందే. అమ్మ పోయేదాకా ఆ రొట్టె అప్పుందిరా అంటా ఉండేది. 2019లో మేమిద్దరం పోయాం. రొట్టె చేత్తో పట్టుకున్నా గానీ ఏమని అరవాలో నోరు రాలా. పక్కనుంచి మావాడే పెళ్లి రొట్టె, పెళ్లి రొట్టె అని అరిచాడు. ఒక తల్లి వచ్చి పట్టుకుంది, వెనకాల ఇరవై అయిదేళ్ళ కొడుకు, నీళ్ళలోకి చూస్తా నిలబడ్డాడు, తలెత్తలా. ఇది నిజంగా జరిగింది. కానీ కథలో పెడితే కుట్టించుకున్న చొక్కా లాగా ఉంటది, ఎవురూ నమ్మరు, అందుకే ఆరేళ్ళుగా ఎక్కడా పెట్టలా. నీ ఎనిమిదో పేజీ కూడా అట్టాంటిదే, జరిగిందని నాకు తెలుసు, అయినా తీసెయ్.

పేరు విషయం అడిగావు. కలంపేరు పెట్టుకో, తప్పేం లేదు, నేను పన్నెండేళ్ళు పెట్టుకున్నా. నీ సంగతి చెప్పుకునే హక్కు నీకుంది, ఆ రెండోవాడి సంగతి చెప్పే హక్కు లేదు కాబట్టి వాడి ఊరూ ఉద్యోగం రెండూ మార్చు. ఒకటి మారిస్తే సరిపోదు, కందుకూరు ఎంత, సాయంత్రానికల్లా తెలిసిపోద్ది.

రెండో డ్రాఫ్ట్ తొందరేం లేదు, సంక్రాంతికి వస్తావుగా, అప్పుడు తెచ్చియ్. మీ బెంగుళూరు ఓనరమ్మ చీర రంగు మూడుసార్లు రాశావు, ఈసారి ఆమె అడిగిన ప్రశ్నలు రాయి, నువ్వు చెప్పిన సమాధానాలు ఉన్నవి ఉన్నట్టు పక్కన పెట్టు. ఇంటికే రా, మావాడికి ఆ వారం డే డ్యూటీ. కరివేపాకు పొడి ఉంటే కొంచెం పట్టుకురా.

మీ అన్న
వేదాయపాలెం, నెల్లూరు