పాత ఇటాలియన్ హారర్ సినిమాల్లో మాటలు పెదవులకు ఎందుకు కలవవు? ఏ ఆడియోలో చూడాలి?

మారియో బావా, దారియో అర్జెంటో, లూచియో ఫుల్చి లాంటి హారర్ దర్శకుల కాలంలో ఇటలీలో సినిమా మాటలన్నీ షూటింగ్ అయ్యాక స్టూడియోలోనే డబ్బింగ్ చెప్పించేవారు, అందుకే పెదవులది ఒక దారి, మాటలది ఒక దారి.

ఈ పద్ధతిలో ఖర్చూ సమయమూ కలిసొచ్చేవి. సెట్‌లో శబ్దం పట్టే పని లేనప్పుడు కెమెరా గరగరలాడినా, షాట్ మధ్యలో దర్శకుడు కేకేసి సూచనలిచ్చినా ఇబ్బంది లేదు. పైగా చాలా సినిమాలకు రెండు మూడు దేశాల పెట్టుబడి, ఆయా దేశాల నటులు. ఒకే సీన్లో ఒకరు ఇంగ్లీషులో అడిగితే ఇంకొకరు ఇటాలియన్‌లో జవాబిచ్చేవారు.

అర్జెంటో తీసిన 'ప్రొఫోండో రోస్సో' (1975) చూడండి. హీరో డేవిడ్ హెమ్మింగ్స్ ఇంగ్లండ్ నటుడు. ఇటాలియన్ ట్రాక్‌లో వినిపించేది ఆయన గొంతు కాదు. ఇటాలియన్ నిడివి 126 నిమిషాలు. విదేశాలకు సుమారు 20 నిమిషాలు కత్తిరించి పంపారు. ఆ కత్తిరించిన సీన్లకు ఇంగ్లీషు మాటలు లేవు కాబట్టి, పూర్తి ప్రతిని ఇంగ్లీషులో పెడితే మధ్యమధ్యలో పాత్రలు ఉన్నట్టుండి ఇటాలియన్ మాట్లాడతాయి. డిస్క్ పాడైందని కంగారు పడొద్దు.

ఇటాలియన్ ఆడియోనే 'ఒరిజినల్', ఇంగ్లీషుది చవక డబ్బింగ్ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. రెండూ డబ్బింగే. ముఖ్య నటుల పెదవులు ఏ భాషకు కదులుతున్నాయో చూసి ఆ ట్రాక్ ఎంచుకోండి. ఈ సినిమాకు మాత్రం, గొంతు మధ్యలో మారదు కాబట్టి, ఇటాలియనే నయం.